ఒక బోరు, మూడు లక్ష్యాలు

ప్రశ్న: మాస్టారూ, మాకు డిగ్రీలో లీనియర్ ప్రోగ్రామింగ్ ఉంది. కుర్చీలు, బల్లలు ఎన్నెన్ని చేస్తే లాభం ఎక్కువ అన్న లెక్కలే చేయిస్తున్నారు. ఇదే గణితంతో దేశాల సుస్థిరాభివృద్ధి లక్ష్యాలకు ప్రణాళికలు వేస్తారని చదివాను. ఆకలి పోవాలి, నీళ్లు మిగలాలి, ఆదాయం పెరగాలి. ఒకదానికొకటి పొసగనివి ఒకే లెక్కలో ఎలా ఇముడుతాయి?
– ఒక విద్యార్థిని, కర్నూలు

జవాబు: అమ్మా, కుర్చీలూ బల్లలూ కాసేపు పక్కన పెట్టు. మా నాన్నగారి పొలం లెక్క చేద్దాం. అనంతపురం జిల్లాలో 5 ఎకరాలు, ఒక బోరు. వరి ఎంత, వేరుశనగ ఎంత అని ఏటా ఇంట్లో వాదనే. నీ కోసం సులువైన అంకెలు వేస్తున్నాను. ఎకరా వరికి 3 వంతుల నీళ్లు, వేరుశనగకు 1 వంతు. బోరు ఇచ్చేది 9 వంతులు. ఎకరాకు మిగిలేది వరి మీద 30 వేలు, వేరుశనగ మీద 20 వేలు. లెక్క కడితే వరి 2 ఎకరాలు, వేరుశనగ 3. చేతికి లక్షా 20 వేలు.

ఇప్పుడు వచ్చే ఏటికి నీళ్లు మిగలాలి, 7 వంతులకు మించి తోడకూడదు అనుకో. వరి 1 ఎకరం, వేరుశనగ 4, చేతికి లక్షా 10 వేలు. అంటే 2 వంతుల నీళ్లు భూమిలోనే ఉంచడానికి అయిన ఖర్చు 10 వేలు, వంతుకు 5 వేలు. మీ పుస్తకంలో షాడో ప్రైస్ అనేది ఇదే. రెండు మార్కుల ప్రశ్న అని వదిలేయకు. ప్రణాళిక వేసేవాళ్లకు అన్నిటికన్నా పనికొచ్చే అంకె అది.

మా నాన్న దానికి ఒప్పుకునేవారు కాదు. "రైతు ఇంట్లో బియ్యం కొనుక్కోవడమా?" అనేవారు. 2 ఎకరాల వరి ఉండాల్సిందే. సరే, దాన్నీ షరతుగా రాయి. 7 వంతుల్లో 6 వరికే పోతాయి. వేరుశనగ 1 ఎకరం, మిగతా 2 ఎకరాలు బీడు. చేతికి 80 వేలే.

ఇలాంటి చోటే గోల్ ప్రోగ్రామింగ్ అక్కరకొస్తుంది. 1950లలో అమెరికా పరిశోధకులు చార్నెస్, కూపర్ తదితరులు దీనికి రూపమిచ్చారు. "2 ఎకరాలు ఉండి తీరాలి" అనకుండా, 2కి ఎంత తగ్గితే అంత లోటు అని రాస్తారు. ప్రతి లక్ష్యానికీ ఒక లోటు, ఆ లోటుకు ఒక వెయిట్, అంటే అది ఎంత ముఖ్యమో చెప్పే అంకె. రెండూ గుణించి కూడితే వచ్చే మొత్తాన్ని వీలైనంత తగ్గిస్తారు. వరి ఒకటిన్నర ఎకరంతో సర్దుకుంటే చేతికి 95 వేలు వస్తుంది. 2015లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన 17 లక్ష్యాల్లో రెండోది ఆకలి, ఆరోది నీళ్లు, ఎనిమిదోది ఉపాధి, ఆర్థిక వృద్ధి. మా చేలో కొట్లాడుకున్నవి ఆ మూడే.

మరి వెయిట్ ఎంత వేయాలో ఎవరు చెప్పాలి? గణితం చెప్పదమ్మా. 1956లో మొదలైన రెండో పంచవర్ష ప్రణాళికకు గణాంక శాస్త్రవేత్త మహలనోబిస్ నాలుగు రంగాల నమూనా కట్టారు. పెట్టుబడి 5,600 కోట్లు, కొత్త ఉద్యోగాలు కోటీ 10 లక్షలు. మిగతా మూడు రంగాల వాటాలు సమీకరణాల్లోంచి వచ్చాయి. యంత్రాలు, ఉక్కు లాంటి పెట్టుబడి వస్తువులకు మూడో వంతు అన్నది మాత్రం ముందే పెట్టుకున్న అంకె. అలా పెట్టడం తప్పనను, ఎవరో ఒకరు పెట్టాల్సిందే. అది అందరికీ కనబడేలా, అడిగేందుకు వీలుగా ఉండాలంటాను. నీతి ఆయోగ్ 2018 నుంచి ఇస్తున్న రాష్ట్రాల సుస్థిరాభివృద్ధి సూచీలో లక్ష్యాల మార్కులకు సగటు తీస్తారు. సగటు అంటే అన్నిటికీ ఒకే వెయిట్ వేయడమే. నీళ్లలో వచ్చిన లోటు కరెంటు మార్కుల్లో కలిసి కనబడకుండా పోతుంది.

ఒక ఎండాకాలం మా నాన్న స్టార్టర్ నొక్కి వచ్చి, పైపు మూతి దగ్గర చెయ్యి పెట్టి నిలబడ్డారు. మొదట తుంపర్లు, తర్వాత బురద, ఆ తర్వాత వట్టి గాలి. చాలాసేపు చెయ్యి తీయలేదు. బియ్యం ఆ ఏడు కొనుక్కున్నాం. నీళ్లు మాత్రం ఎంత పెట్టినా దొరకలేదు. అందుకే నేను ఈ లెక్క ఎప్పుడు వేసినా తిండికీ ఆదాయానికీ వెయిట్లు వేస్తాను గానీ, నీళ్లను మాత్రం దాటకూడని షరతుగానే రాస్తాను.

మీ వైపు బోరు కింద సాగు చేసే రైతు ఒకరి దగ్గర కూర్చుని, ఇవే అంకెలు ఆయన్ని అడిగి మళ్లీ లెక్క కట్టు. ఆయన ఏ షరతు సడలించమంటారో, ఏది ముట్టుకోవద్దంటారో నాకు రాయి.