టెక్ సందేహాలు: బ్లాగర్‌లో రాస్తే గూగుల్‌లో ముందు వరుస దక్కుతుందా?

ప్రశ్న: నేను తిరుపతిలో ఉంటున్న విశ్రాంత ఉపాధ్యాయుడిని. గుడిమల్లం, తొండమనాడు, నారాయణవనం ఆలయాల గురించి, మన గంగమ్మ జాతర గురించి చాలాకాలంగా బ్లాగర్‌లో రాస్తున్నాను. బ్లాగర్ గూగుల్ వారిదే కనుక గూగుల్‌లో వెతికినప్పుడు నా వ్యాసాలు ముందు రావాలి కదా? ఊరి పేరు కొట్టి వెతికినా కనిపించడం లేదు. వర్డ్‌ప్రెస్ అనే మరో బ్లాగు వేదికకు మారమని ఒకరు, ఇతరుల బ్లాగుల్లో వ్యాఖ్యలు రాసి నా లింకు పెట్టమని మరొకరు సలహా ఇస్తున్నారు. ఏం చేయాలి?

జవాబు: బ్లాగర్‌లో ఉన్నంత మాత్రాన ఏ బ్లాగుకూ తన ఫలితాల్లో పెద్దపీట వేయబోమని గూగుల్ చెబుతూ వస్తోంది. మీకు కలిగిన అనుమానం మాత్రం సహజమైనదే. కొరియాలో నేవర్ అనే సెర్చ్ ఇంజిన్ 2003లో సొంత బ్లాగు సేవను ప్రారంభించి, ఆ బ్లాగులనే ఫలితాల్లో ప్రముఖంగా చూపిస్తూ ఎదిగింది. గూగుల్ నడిచిన దారి వేరు. 1999లో పైరా ల్యాబ్స్ అనే చిన్న సంస్థ మొదలుపెట్టిన బ్లాగర్‌ను గూగుల్ 2003 ఫిబ్రవరిలో కొన్నది. ఇతరుల పేజీల్లో ప్రకటనలు చూపించే యాడ్‌సెన్స్‌ను కూడా ఆ ఏడాదే తెచ్చింది. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే ఉద్దేశం అర్థమవుతుంది. రోజూ కొత్త పేజీలు పుట్టుకొచ్చే చోటు, ఆ పేజీల మీద ప్రకటనలకు జాగా, రాసేవారందరికీ ఆ సంస్థ ఖాతా: ఒక సెర్చ్ సంస్థకు బ్లాగుల వల్ల సమకూరేవి ఇవే.

పోటీదారులూ ఊరుకోలేదు. అప్పటిదాకా గూగుల్ ఫలితాలనే వాడుకున్న యాహూ 2004లో సొంత సెర్చ్‌కు మారి, మరుసటి ఏడాది యాహూ 360 అనే బ్లాగు సేవను తెచ్చింది. మైక్రోసాఫ్ట్ 2004 నవంబరులో తన కొత్త సెర్చ్‌ను పరీక్షకు పెట్టి, డిసెంబరులోనే ఎంఎస్ఎన్ స్పేసెస్ అనే బ్లాగు సేవను విడుదల చేసింది. ఆస్క్ జీవ్స్ అనే మరో సెర్చ్ ఇంజిన్ 2005లో, బ్లాగులను ఒకేచోట చదివించే బ్లాగ్‌లైన్స్‌ను కొన్నది. ఇంత హోరాహోరీగా తలపడుతున్న రోజుల్లోనే గూగుల్, యాహూ, మైక్రోసాఫ్ట్ వారి ఎంఎస్ఎన్ మూడూ ఒక విషయంలో ఏకమయ్యాయి. లింకుల సంఖ్యను, వాటి విలువను లెక్కగట్టి పేజీలకు స్థానం ఇచ్చే పద్ధతిని ఆసరాగా తీసుకుని, కనిపించిన ప్రతి బ్లాగులోనూ వ్యాఖ్యల కింద లింకులు గుమ్మరించేవారు ఎక్కువైపోవడంతో, ‘నోఫాలో’ అనే గుర్తు ఉన్న లింకులను లెక్కలోకి తీసుకోబోమని 2005 జనవరిలో ఆ మూడు సంస్థలూ ప్రకటించాయి. బ్లాగు సేవలు వ్యాఖ్యల్లోని లింకులకు ఆ గుర్తును వాటంతటవే తగిలిస్తాయి. కనుక వ్యాఖ్యల్లో లింకు పెట్టమన్న సలహాను దయచేసి పక్కన పెట్టండి. మీ వంటి వారి పేరు అలాంటి చోట్ల కనబడకపోవడమే గౌరవం.

ఇక అసలు సంగతికి వస్తాను. మీరు పంపిన లింకులను తెరిచి చూశాను. గుడిమల్లం వ్యాసం అక్షరాల రూపంలో లేదు, అది రెండు బొమ్మలు. డీటీపీ సెంటరులో అను ఫాంట్లలో కొట్టించి, ఆ పేజీలను ఫొటోలుగా ఎక్కించారు. అను ఫాంట్లలో తెరమీద తెలుగు కనిపించినా లోపల ఉండేవి ఇంగ్లీషు అక్షరాల, గుర్తుల సంకేతాలు. నేరుగా అతికిస్తే పిచ్చిగీతల్లా వస్తాయి కాబట్టి మీరు ఫొటో దారి పట్టి ఉంటారు. పరశురామేశ్వరాలయం గురించి మీరు ఎంత శ్రద్ధగా రాసినా, ఫొటోలోని ఆ వాక్యాలను సెర్చ్ ఇంజిన్ మామూలు పేజీని చదివినట్టు చదవదు. డీటీపీ వారి దగ్గర మూల ఫైలు ఉంటే అను నుంచి యూనికోడ్‌కు (ఏ కంప్యూటరైనా తెలుగుగా గుర్తించే అక్షరాల పద్ధతికి) మార్చే కన్వర్టర్లతో మార్పించండి. ఫైలు లేకపోతే ఫొటోను గూగుల్ డ్రైవ్‌లో పెట్టి గూగుల్ డాక్స్‌తో తెరిస్తే చాలావరకు అక్షరాలుగా మారుతుంది. ఏ దారిన మార్చినా ఒత్తులు, గుణింతాలు తారుమారవుతాయి కనుక అచ్చుప్రతిని పక్కన పెట్టుకుని ఒకసారి సరిచూసుకోవాలి. శ్రమే, కానీ ఇంతకు మించి ఫలితమిచ్చే పని మరొకటి లేదు.

మీ వ్యాసాలన్నిటిలో ‘చిత్తూరు జిల్లా’ అనే ఉంది. 2022 ఏప్రిల్ 4 నుంచి ఈ మూడు ఊళ్లూ తిరుపతి జిల్లాలోకి వచ్చాయి, వెతికేవారు ఇప్పుడు ఆ పేరుతోనే వెతుకుతున్నారు. ‘పూర్వపు చిత్తూరు, నేటి తిరుపతి జిల్లా’ అని మొదటి పేరాలోనే రాయండి. ఊరి పేరును ఒకసారి ఇంగ్లీషు అక్షరాల్లో కూడా ఇవ్వండి, ఎందుకంటే తెలుగువారిలో చాలామంది ఫోనులో అలాగే కొడతారు. మరో చిన్న లోపం వ్యాసాల చిరునామాల్లో ఉంది. శీర్షిక పూర్తిగా తెలుగులో ఉంటే బ్లాగర్ దాని నుంచి చిరునామా తయారుచేయలేక ‘బ్లాగ్-పోస్ట్_17’ వంటిది ఇచ్చేస్తుంది. స్థానం విషయంలో దీని ప్రభావం స్వల్పమే అయినా, లింకు చూసినవారికి అందులో ఏముందో తెలియదు. ఇకపై ప్రచురించే ముందు పర్మాలింక్ (వ్యాసం చిరునామా) దగ్గర ఇంగ్లీషు అక్షరాల్లో ఊరి పేరు ఇవ్వండి. పాతవాటిని కదపకండి, ఇప్పటికే పంచుకున్న లింకులు తెగిపోతాయి.

ఇవన్నీ అయ్యాక, సెట్టింగ్స్‌లో ప్రైవసీ కింద బ్లాగు సెర్చ్ ఇంజిన్లకు కనిపించేలా ఉందో లేదో చూసి, అదే ఖాతాతో, గూగుల్‌లో మన పేజీలను నమోదు చేసుకునే సెర్చ్ కన్సోల్‌లోకి వెళ్లి ఒక్కో వ్యాసం చిరునామా ఇచ్చి ఇండెక్స్ చేయమని (తన జాబితాలో చేర్చుకోమని) కోరండి. వర్డ్‌ప్రెస్‌కు మారనవసరం లేదు. బొమ్మల్లోని తెలుగు అక్కడికి వెళ్లినా బొమ్మగానే ఉంటుంది. డబ్బు ఖర్చు పెట్టదలిస్తే సొంత డొమైన్ పేరు (మీదైన వెబ్ చిరునామా) కొనుక్కోండి. దాన్ని బ్లాగర్‌కు జోడించడానికి అదనపు రుసుము లేదు, రేపు వేదిక మారినా పేరు మీతోనే వస్తుంది.

ప్రశ్న: చిత్తూరులో కాలేజీలో చదివే రోజుల్లో విండోస్ లైవ్ స్పేసెస్‌లో కవితలు రాసేదాన్ని. అవి మళ్లీ దొరుకుతాయా?

జవాబు: ఆశ తక్కువేనమ్మా. ఎంఎస్ఎన్ స్పేసెస్సే తరువాత విండోస్ లైవ్ స్పేసెస్ అయింది. అందులోని బ్లాగులను వర్డ్‌ప్రెస్ డాట్ కామ్‌కు తరలించుకోవచ్చని 2010 సెప్టెంబరులో ప్రకటించి, 2011 మార్చిలో మూసేశారు. మీరు అప్పట్లో ‘సరే’ నొక్కి ఉంటే కవితలు వర్డ్‌ప్రెస్‌లో ఉండే అవకాశం ఉంది కాబట్టి ఆనాటి ఈమెయిల్‌తో ప్రయత్నించండి. అక్కడ లేకపోతే పాత వెబ్ పేజీల నకళ్లు దాచే ఇంటర్నెట్ ఆర్కైవ్ వారి వేబ్యాక్ మెషీన్‌లో పాత చిరునామాను ఉన్నదున్నట్టు ఇచ్చి చూడండి. యాహూ 360 కూడా 2009లోనే మూతపడింది. వాడేవారు లక్షల్లో ఉన్నా, సంస్థకు అవసరం తీరాక సేవ ఆగిపోతుంది. అందులో రాసుకున్నవారి బాధ లెక్కల్లోకి రాదు. ఇప్పుడు బ్లాగర్‌లో రాస్తున్నవారు సెట్టింగ్స్‌లో ఉన్న బ్యాకప్‌ను అప్పుడప్పుడు దించుకుని పెట్టుకోవాలి. ఆ ఫైలులో వ్యాసాలు, వ్యాఖ్యలు ఉంటాయి గానీ ఫొటోలకు లింకులు మాత్రమే ఉంటాయి కనుక అసలు ఫొటోలను విడిగా దాచుకోవాలి.

ప్రశ్న: గూగుల్‌లో నమోదు చేస్తే సరిపోతుందా? బింగ్, యాహూలకు విడిగా చేయాలా? (శ్రీకాళహస్తి పాఠకుడు)

జవాబు: మైక్రోసాఫ్ట్ సెర్చ్ ఇంజిన్ బింగ్‌కు చెందిన వెబ్‌మాస్టర్ టూల్స్‌లో ఒకసారి నమోదు చేయండి. సెర్చ్ కన్సోల్ వివరాలను అది నేరుగా దిగుమతి చేసుకుంటుంది. యాహూ ఫలితాలు బింగ్ నుంచే వస్తాయి, డక్‌డక్‌గో అనే సెర్చ్ ఇంజిన్ కూడా ఎక్కువగా దాని మీదే ఆధారపడుతుంది. వాటికి విడిగా చేయవలసింది ఏమీ లేదు.