"ఈ పిల్లలకు ఇంతే సార్" అనే బడిలో మార్పు ఎక్కడ మొదలుపెట్టాలి?

సార్, నమస్తే. తమిళనాడు సరిహద్దు మండలంలోని హైస్కూలుకు కొత్తగా హెచ్‌ఎం (హెడ్‌మాస్టరు)గా వెళ్లానని రాశారు. స్టాఫ్ మంచివాళ్లే అయినా ప్రతి మీటింగులోనూ "ఈ ఊరి పిల్లలకు ఇంతే సార్" అంటున్నారని, ఈ ధోరణి మార్చి ఆ ఊపు ఏడాదంతా నిలబెట్టడం ఎలా అని అడిగారు. నేను చిత్తూరు జిల్లాలోనే ప్రభుత్వ హైస్కూల్లో చాలాకాలంగా లెక్కలు చెబుతున్నాను. మా బడిలో పనిచేసినవి చెబుతాను.

పిల్లల మీద నమ్మకం ఉంచండి అని మీటింగులో చెప్పడంతో మొదలుపెట్టకండి. ఎవరూ కాదనరు, ఏదీ మారదు. ఒక పీరియడ్ క్లాసులో వెనక కూర్చుని, టీచర్ ఏ ప్రశ్న ఎవరిని అడుగుతున్నారో మాత్రం చూడండి. మా హెచ్‌ఎం మేడమ్ అదే చేశారు. తప్పులు రాసుకోలేదు, రిమార్కులు పెట్టలేదు. క్లాసు బొమ్మ గీసుకుని ఏ బెంచీకి ఎలాంటి ప్రశ్న వెళ్లిందో గుర్తులు పెట్టి, ఆ కాగితం టీచర్ చేతికే ఇచ్చారు. దాదాపు అన్ని క్లాసుల్లోనూ 'ఎందుకు', 'ఎలా' అనే ప్రశ్నలు ముందు బెంచీలకే వెళ్తున్నాయి. వెనక వాళ్లకు "అర్థమైందా?" ఒక్కటే మిగులుతోంది. దానికి అవునని తలూపితే సరిపోతుంది కదా.

రెండోది, ప్రశ్న అడిగాక ఎంతసేపు ఆగుతున్నాం అన్నది. మేరీ బడ్ రోవ్ అనే పరిశోధకురాలు అమెరికాలో సైన్స్ క్లాసుల రికార్డింగులు విని, టీచర్లు జవాబు కోసం సగటున 1 సెకను మాత్రమే ఆగుతున్నారని 1970లలో రాశారు. బాగా చదువుతారనుకున్న పిల్లల కోసం ఎక్కువసేపు, రాదనుకున్నవాళ్ల కోసం ఇంకా తక్కువసేపు ఆగుతున్నారట. 3 సెకన్లకు పైగా ఆగినప్పుడు జవాబులు పొడవయ్యాయి, మౌనంగా ఉండిపోయే పిల్లలు తగ్గారు. మన సరిహద్దు బడుల్లో ఇది ఇంకా ముఖ్యం. ఇంట్లో తమిళం మాట్లాడే పిల్లవాడు ఇంగ్లీషు పాఠాన్ని తెలుగులో విని, తమిళంలో ఆలోచించి, మళ్లీ తెలుగులో చెప్పాలి. వాడికి ఆ సెకన్లు ఇవ్వకుండా డల్ అని పేరు పెట్టడం అన్యాయం.

అయితే నమ్మితే చాలు, వచ్చేస్తుంది అని నేను అనను. 1968లో రోసెంతాల్, జాకబ్‌సన్ అనే పరిశోధకులు ప్రచురించిన ప్రయోగంలో, ఏ ఆధారమూ లేకుండా ఎంచిన కొందరు పిల్లలు త్వరలో బాగా ఎదుగుతారని టీచర్లకు చెప్పారు. నిజంగానే తేడా కనిపించింది, కానీ ముఖ్యంగా 1, 2 తరగతుల్లోనే. ఆ ఫలితాల మీద తర్వాత చాలా వాదనలు నడిచాయి. 8వ తరగతిలో భాగహారం రాని పిల్లవాడికి పదో తరగతి మోడల్ పేపర్ ఇచ్చి, పెద్ద లక్ష్యం పెట్టామంటే అది బరువు వేయడమే. ముందు భాగహారం నేర్పాలి. దానికోసం గ్రూపులు చేస్తే ప్రతి ఫార్మేటివ్ పరీక్ష (ఏడాది మధ్యలో పెట్టే చిన్న పరీక్ష) తర్వాత మళ్లీ చూసి మార్చండి. లేదంటే 'సి గ్రూపు' అనేది వాడి ఇంటిపేరైపోతుంది.

ఏడాదంతా ఊపు నిలబెట్టింది మాత్రం మా శుక్రవారం అరగంట. ప్రతి టీచరూ ఒకే పాఠానికి సంబంధించి 3 నోట్‌బుక్కులు తెస్తారు: బాగా రాసేవాళ్లది, మధ్యరకం, తడబడేవాళ్లది. పిల్లలు ఏ మెట్టు దగ్గర ఆగిపోతున్నారన్నదే అక్కడ మాట్లాడుకుంటాం. ఒకసారి సాంద్రత లెక్కల్లో తప్పులన్నీ దశాంశాల భాగహారం దగ్గరే వస్తున్నాయని ఫిజిక్స్ సార్ చూపించారు. పాఠం అర్థమైంది, లెక్క రాలేదు. మర్నాటి నుంచి నా పీరియడ్ మొదట్లో కాసేపు దశాంశాలే చేయించాను. పై శుక్రవారం అవే నోట్‌బుక్కులు మళ్లీ తెరిచాం. వారానికి ఒక్క మార్పు చాలు, కానీ అది పనిచేసిందో లేదో చూడకుండా ఇంకోదానికి వెళ్లకండి. మీరూ క్లాసు తీసుకుంటారు కాబట్టి మీ పిల్లల నోట్‌బుక్కులే ముందు బల్ల మీద పెట్టండి. దయచేసి దీన్ని ప్రొఫార్మా చేసి పైకి పంపకండి. ఆ రోజు నుంచి చక్కటి చేతిరాత ఉన్న నోట్‌బుక్కులే వస్తాయి.

ఎన్‌ఎంఎంఎస్ అనే కేంద్ర ప్రభుత్వ స్కాలర్‌షిప్ పరీక్ష సంగతి కూడా చూడండి. 8వ తరగతిలో రాసే ఈ పరీక్షలో మెంటల్ ఎబిలిటీకి 90, సబ్జెక్టులకు 90 ప్రశ్నలు. ఎంపికైతే 9 నుంచి ఇంటర్ దాకా ఏడాదికి 12,000 రూపాయలు వస్తాయి. చాలాచోట్ల బాగా చదివే నలుగురికే అప్లికేషన్ పెడతారు. మేం అర్హత ఉన్నవాళ్లందరి చేతా పెట్టించాం. "మావోడికి యాడొస్తాది మేడమ్" అని ఒక తల్లి సంతకం పెట్టడానికే వెనకాడింది. ఆ పిల్లవాడికి స్కాలర్‌షిప్ రాలేదు. కానీ ఆ నెలల్లో వాడు వరండాలో కూర్చుని, పక్కవాడికి సంఖ్యల వరసలు ఎలా విప్పాలో చెప్పడం నేను చూశాను. అంతకుముందు వాడి గొంతే క్లాసులో వినలేదు.

తల్లిదండ్రుల్లో కొందరు బెంగళూరు పనులకు పోతారు. మామిడి సీజన్లో మరికొందరు గుజ్జు ఫ్యాక్టరీల్లో షిఫ్టులు చేస్తారు. పగటి మీటింగుకు రాలేదని పిల్లల మీద శ్రద్ధ లేదనుకోకండి, సాయంత్రం పెట్టి చూడండి. వచ్చినప్పుడు మార్కులు చదవకుండా జూన్ నాటి నోట్‌బుక్కు, ఇప్పటిది పక్కపక్కన పెట్టి చూపించండి. తిరుపతిలో ర్యాంకుల హోర్డింగులు చూసి చూసి, చదువంటే అదేనని చాలామంది మనసులో పడిపోయింది. దానికి బదులుగా మనం కళ్లకు కట్టేలా చూపించగలిగింది ఇదే.

విద్యాహక్కు చట్టం ప్రకారం స్కూల్ కమిటీలో నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులే, మొత్తంలో సగం మంది మహిళలు ఉండాలి. బడి అభివృద్ధి ప్రణాళిక తయారుచేసేదీ వాళ్లే. అందులో ప్రహరీ గోడ, ఫ్యాన్లతో పాటు "6వ తరగతిలో చేరిన ప్రతి పిల్లా పిల్లవాడూ సంక్రాంతికల్లా పాఠం తడుముకోకుండా చదవాలి" అని ఒక వాక్యం రాయించండి. చదువు రాని తల్లి కూడా పిల్ల చదువుతుంటే విని చెప్పగలదు.

అందరూ ఒకేసారి కలిసిరారు. ఇష్టపడే ఇద్దరు టీచర్లతో, ఒక్క 8వ తరగతితో ఈ నెలలోనే మొదలుపెట్టండి. స్టాఫ్‌లో తమిళం బాగా వచ్చినవాళ్లు ఉంటే మొదటి శుక్రవారం వాళ్లను తప్పకుండా కూర్చోబెట్టుకోండి. తెలుగు మాటకు పిల్లలు ఎక్కడ తమిళ అర్థం తీసుకున్నారో నోట్‌బుక్కుల్లో ముందు పట్టుకునేది వాళ్లే.