కోట కన్నా ముందు మీ కొండలు

ప్రశ్న: మాది నెల్లిమర్ల. మా గుంటడు తొమ్మిదో తరగతి. ‘మన ఊరి చరిత్ర’ మీద ప్రాజెక్టు రాసుకు రమ్మన్నారట. విజయనగరం పిల్లలకైతే కోట ఉంది, గంటస్తంభం ఉంది. మా వైపు జూట్ మిల్లు తప్ప ఏముందండీ? వాడికన్నా నాకే టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, జూట్ మిల్లుని అలా తీసిపారేయకండి. అందులో పనిచేసిన పెద్దవాళ్లు మీ వీధిలోనే ఉంటారు, బాబుని వాళ్ల దగ్గర ఓ సాయంత్రం కూర్చోబెట్టండి, రెండు పేజీలు నిండుతాయి.

అసలు సంగతి రామతీర్థం. మీ మండలమే కదా! మనందరం గుడికెళ్లి, రాములవారి దర్శనం చేసుకుని వచ్చేస్తాం, చుట్టూ ఉన్న కొండలకేసి తలెత్తి చూడం. ఆ గురుభక్తుల కొండ మీద ఒకప్పుడు బౌద్ధ భిక్షువులు ఉండేవారు. 20వ శతాబ్దం మొదట్లో తవ్వితే స్తూపం, చైత్యాలు (ప్రార్థన మందిరాలు), విహారాల (భిక్షువుల నివాసాల) పునాదులు బయటపడ్డాయి. ఎక్కి చూస్తే పెద్ద పెద్ద పాతకాలపు ఇటుకల వరసలు, కొండరాతిలో నీళ్ల కోసం తొలిచిన తొట్టి కనిపిస్తాయి. కొండ మీదే కాపురం ఉండేవాళ్లకి నీళ్లే కదా ముందు కావాల్సింది!

దుర్గకొండ వైపు గుహల్లో జైన తీర్థంకరుల విగ్రహాలున్నాయి. అక్కడి గుహలోని శాసనం తూర్పు చాళుక్య రాజు విమలాదిత్యుడి కాలంనాటిది. 1011 నుంచి 1018 దాకా ఏలినవాడు, నన్నయ్య చేత భారతం రాయించిన రాజరాజ నరేంద్రుడికి స్వయానా తండ్రి. త్రికాలయోగి సిద్ధాంతదేవుడనే జైన గురువు ఈ కొండకి మొక్కాడని అందులో ఉంది. కొండ పేరు ఏమని చెక్కారో తెలుసా? రామకొండ! జైన గురువు మొక్కిన చోటుకి అప్పటికే రాముడి పేరుండటం నాకైతే ఎన్నిసార్లు తలుచుకున్నా ఆశ్చర్యమే.

విజయనగరం కోట కట్టడం మొదలైంది 1713లో. అంతకుముందు ఆ కోట కట్టించిన పూసపాటి రాజుల రాజధాని కూడా కుమిలిలోనే ఉండేది. అంటే కోటకి పునాది రాయి పడేనాటికే మీ గుహలో శాసనానికి సుమారు 700 ఏళ్లు. ప్రాజెక్టుకి ఈ ఒక్క లెక్క చాలదూ?

ఆదివారం పొద్దున్నే, ఎండ ముదరకముందే బాబుని తీసుకెళ్లండి. ఫొటోలు ఎన్నైనా తీసుకోనివ్వండి, ఇటుక ముక్క మాత్రం ఒక్కటి కూడా జేబులో వేసుకోనివ్వకండి.