పెట్రోలు ఖర్చుకు భయపడి కారు కొంటారా? ముందు బండికి ఇన్సూరెన్స్ కట్టండి

ప్రశ్న: మాది గుంటూరు బ్రాడీపేట. విజయవాడ గవర్నర్‌పేటలో ఉద్యోగం. వయసు 34, జీతం చేతికి 42 వేలు. భార్య మంగళగిరిలో ఒక స్కూల్లో పనిచేస్తుంది, ఆరేళ్ల పాప ఉంది. రోజూ రానూపోనూ 70 కిలోమీటర్లు 125 సీసీ బండి మీద తిరుగుతున్నాను. నెలకు పెట్రోలుకే నాలుగు వేలు అవుతోంది, నడుం నొప్పి అదనం. మూడున్నర లక్షలకు ఒక సెకండ్ హ్యాండ్ కారు చూశాను. బ్యాంకులో రెండున్నర లక్షల పర్సనల్ లోన్ 16 శాతానికి నాలుగేళ్లకు ఇస్తామన్నారు. మిగతా లక్ష తెలిసినాయన దగ్గర రెండు రూపాయల వడ్డీకి దొరుకుతుంది. ముగ్గురు కొలీగ్స్ నాతో వస్తే తలా 2,500 ఇస్తారు. మా ఆవిడ ఆటోలకు పెట్టే 1,500 కూడా మిగులుతుంది. ఖాతాలో 38 వేలు ఉన్నాయి. 2020 మార్చిలో కొన్న బండి ఐదేళ్ల ఇన్సూరెన్స్ 2025 మార్చితో అయిపోయింది. ఎలాగూ అమ్మేదే కదా అని రెన్యువల్ చేయలేదు. కారు తీసుకోవచ్చా?

జవాబు: వద్దు. కారు సంగతి తర్వాత మాట్లాడదాం. మీ ఉత్తరం చివర్లో మామూలుగా రాసేసిన ఆ ఇన్సూరెన్స్ ముక్క చదివి నాకు గుండె ఆగినంత పనైంది. ఇలాంటి ఉత్తరాలు నాకు చాలా వస్తాయి. పెట్రోలు దగ్గర పైసా పైసా లెక్కేస్తారు. 843 రూపాయల పాలసీని మాత్రం మిగులు కింద రాసుకుంటారు.

అవును, 843 రూపాయలే. 2022లో ఖరారు చేసిన రేటు ప్రకారం మీ బండికి ఏడాది థర్డ్ పార్టీ (మీ బండి వల్ల ఎదుటివాళ్లకు జరిగే నష్టానికి బీమా) ప్రీమియం 714, దానిపై జీఎస్టీ. రోజుకు రెండున్నర రూపాయలు కూడా పడదు. ఇది లేకుండా మీరు లారీలు, కంటైనర్లు తిరిగే హైవే మీద నెలకు 1,750 కిలోమీటర్లు బండి నడుపుతున్నారు.

పోలీసులు ఆపితే తొలిసారి రెండు వేల జరిమానా, కావాలంటే మూడు నెలల దాకా జైలు. నా భయం దాని గురించి కాదు. కాజా దగ్గరో, మంగళగిరి దగ్గరో రోడ్డు దాటుతున్న మనిషిని మీ బండి తగిలిందనుకోండి. ఆయనకు 32 ఏళ్లు, సొంత పని, నెలకు 25 వేలు సంపాదన, ఇంట్లో ఆధారపడినవాళ్లు ముగ్గురు. ప్రాణం పోయి, తప్పు మీదని తేలితే రోడ్డు ప్రమాదాల కేసులు చూసే ట్రిబ్యునల్, సుప్రీంకోర్టు ఖాయం చేసిన పద్ధతిలో పరిహారం లెక్కగడుతుంది. ఏడాది ఆదాయం మూడు లక్షలకు భవిష్యత్తు పెరుగుదల కింద 40 శాతం కలుపుతారు. అందులో మూడో వంతు ఆయన సొంత ఖర్చు కింద తీసేస్తారు. మిగిలినదాన్ని ఆ వయసుకు 16తో గుణిస్తారు. 44 లక్షల 80 వేలు. పాలసీ ఉంటే అది బీమా కంపెనీ కడుతుంది. లేకపోతే మీరు కట్టాలి. 38 వేలున్న ఖాతాతో!

అమ్మేదే కదా అన్నారు. అమ్మినా ఆర్సీలో పేరు మారేదాకా చట్టం దృష్టిలో ఓనరు మీరే. కొన్నవాడు ఎక్కడో గుద్దితే నోటీసు బ్రాడీపేటకే వస్తుంది.

ఇంకో పొరపాటు మీ ఒక్కరిదే కాదు. 2018 సెప్టెంబరు నుంచి కొత్త టూవీలర్లకు ఐదేళ్ల థర్డ్ పార్టీ తప్పనిసరి చేశారు. దాంతో అందరూ ‘ఐదేళ్ల ఇన్సూరెన్స్’ అనుకుంటూ తిరుగుతున్నారు. మీ బండికి జరిగే నష్టానికి కవరు చాలా పాలసీల్లో మొదటి ఏడాదితోనే అయిపోతుంది. ఓనరుకు ఇచ్చే 15 లక్షల యాక్సిడెంట్ కవరూ అంతే. అంటే 2021 నుంచే మీకేమైనా అయితే మీ ఇంటికి బండి పాలసీ నుంచి రూపాయి వచ్చేది కాదేమో. పాలసీ కాగితం తీసి తేదీలు చూడండి.

ఇక కారు. లోన్ కిస్తీ 7,085. లక్షకు రెండు రూపాయల వడ్డీ అంటే నెలకు రెండు వేలు, అసలు అలాగే ఉంటుంది. కారు లీటరుకు 15 ఇస్తుందనుకుంటే, లీటరు 110 చొప్పున పెట్రోలు సుమారు 12,800. టోలుకు ఫాస్టాగ్ యాన్యువల్ పాస్ (2025లో మూడు వేలు) చాలదా అంటారేమో. అందులో వచ్చేవి 200 ట్రిప్పులు. నెలకు 50 సార్లు దాటే మీకు నాలుగు నెలల్లో అయిపోతాయి, అంటే నెలకు 750. మొత్తం 22,600 పైనే. కొలీగ్స్ ఇచ్చే 7,500 తీసేసినా 15 వేలు దాటుతుంది. ఇన్సూరెన్స్, టైర్లు, సర్వీసింగ్ ఇంకా కలపలేదు. పెట్రోలు నాలుగు వేలు, ఆటోలు 1,500 మిగల్చడానికి 15 వేలా?

పైగా నెలకింత అని డబ్బు తీసుకుని మనుషుల్ని ఎక్కించుకుంటే, కారు కిరాయికి తిప్పుతున్నారని బీమా కంపెనీ క్లెయిమ్ దగ్గర మెలిక పెట్టొచ్చు. ప్రైవేటు కారు పాలసీలో ఆ షరతు రాసే ఉంటుంది. నలుగురున్న కారుకు ప్రమాదం జరిగాక ఆ వాదన మొదలైతే మీ పరిస్థితి ఊహించుకోండి.

రెండు రూపాయల వడ్డీ అన్న మాట వింటేనే నాకు చిరాకు. రెండే కదా అని చెవికి తేలిగ్గా ఉంటుంది. ఏడాదికి 24 శాతమది. తెలిసినాయన కూడా ప్రోనోటు, ఖాళీ చెక్కు తీసుకునే ఇస్తాడు. ఒక నెల జీతం ఆలస్యమైతే ఆయన ఎంత తెలిసినాయనో అప్పుడు తెలుస్తుంది. దాని జోలికి పోకండి.

ప్రయాణం ఖర్చు తగ్గాలంటే గుంటూరు–విజయవాడ రైలు సీజన్ టికెట్ నెలకు ఐదొందల లోపే, స్టేషన్ నుంచి గవర్నర్‌పేట దగ్గరే. నడుముకూ మంచిది. మీ ఆవిడ ఆటో మానేసి పల్లెవెలుగో, ఎక్స్‌ప్రెస్సో ఎక్కితే 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకు టికెట్టే లేదు, ఆధార్ చూపిస్తే చాలు.

ఇలా మిగిలే నాలుగైదు వేలు ఎక్కడ పెట్టాలో నేను చెబుతాను, మీరు మార్చకండి. ఈ రాత్రే బండికి థర్డ్ పార్టీ, దాంతోపాటు 15 లక్షల యాక్సిడెంట్ కవరు. బ్యాంకులో ఏడాదికి 20 రూపాయలతో రెండు లక్షలిచ్చే ప్రధానమంత్రి సురక్షా బీమా ఉందో లేదో చూసుకోండి. ఈ నెలలోనే మీ పేరున కనీసం 50 లక్షల టర్మ్ పాలసీ, అంటే మీరు పోతే ఇంటికి డబ్బిచ్చే జీవిత బీమా. ఆఫీసు హెల్త్ పాలసీ ఉన్నా ఉద్యోగం మారితే అది పోతుంది, కాబట్టి మీ ముగ్గురికీ సొంతంగా ఒకటి. ఆ తర్వాత ఖాతాలోని 38 వేలను లక్షకు చేర్చండి. కారు మాట అప్పుడు ఎత్తితే వింటాను.

ఆన్‌లైన్‌లో కట్టేటప్పుడు ఛాసిస్ నంబరు ఆర్సీతో సరిచూసుకోండి. గడువు దాటిన పాలసీ కట్టిన క్షణం నుంచే మొదలవ్వాలని లేదు, అందులో ఏ తేదీ పడిందో చూడండి. ఆ తేదీ వచ్చేదాకా బండి ఇంట్లోనే ఉండనివ్వండి. రేపు పొద్దున బస్టాండుకెళ్లి నాన్‌స్టాప్ ఎక్కండి.