జీడి చెట్టును చంపుతున్నది తెగులు కాదు, కాండం మొదట్లోని పురుగు

ప్రశ్న: మా జీడిమామిడి తోట వయసు 15 ఏళ్లు. చెట్లు ఒక్కొక్కటిగా పసుపుబారి ఎండిపోతున్నాయి. ఎండు తెగులన్నారని మొదళ్లలో రెండుసార్లు మందు పోశాను. ఎండిన చెట్టును చీలిస్తే ఎర్రటి పెంకు పురుగు ఒకటి, మచ్చలున్న బూడిద రంగుది ఒకటి దొరికాయి. ఇవి ఒకే పురుగులో ఉపజాతులా? దేని మందు దానికి వేరుగా కొనాలని దుకాణంలో చెబుతున్నారు.
– ఒక రైతు, పలాస, శ్రీకాకుళం జిల్లా

జవాబు: మీ తోటకు వచ్చింది తెగులు కాదు. కాండం, వేరు తొలుచు పురుగు. ఆ తెగులు మందు ఇక పోయకండి.

అవి ఉపజాతులు కావు. ఒకే జాతి పురుగు వేర్వేరు ప్రాంతాల్లో కొద్దిపాటి తేడాలతో పెరిగితే ఉపజాతులంటాం. ఒకే చెట్టులో, ఒకే కాలంలో, మధ్యరకం ఒక్కటీ లేకుండా రెండు రూపాలు కనిపిస్తే ముందు వేరే జాతులేమోనని చూడాలి. మీ ఎర్రది ప్లొసిడెరస్ (కొత్త పేరు నియోప్లొసిడెరస్), పసుపు మచ్చల బూడిదది బటోసెరా. రెండూ పొడవు మీసాల పెంకు పురుగుల కుటుంబానివే అయినా ప్రజాతులే (దగ్గరి జాతులన్నీ కలిసిన గుంపులే) వేరు. ఎర్రవాటిలో ఫెరుజినియస్, ఒబెసస్ అని రెండు జాతులున్నాయి. వాటిని నిపుణులు చూసి తేల్చాలి. అదే చెట్టులో సున్నం పూసినట్టు తెల్లటి గట్టి గూడు దొరికితే పగలగొట్టి చూడండి. లోపల మీసాలు ముడుచుకుని ఎర్ర పురుగు ఉంటుంది. ఇది తెలుసుకోవడం మంచిదే, కానీ ఏ జాతి అయినా చేయాల్సిన పని ఒకటే. జాతికో సీసా అమ్మేవారి మాట వినకండి.

ప్రతి చెట్టు మొదట్లో మట్టి తీసి చూడండి. బంక, రంపపు పొట్టు వంటి విసర్జన కనిపిస్తే ఉలితో బెరడు తీస్తూ సొరంగం వెంట వెళ్లి పిల్లపురుగులన్నిటినీ ఏరి చంపండి. మంచి బెరడు చెక్కకండి. క్లోరిపైరిఫాస్ 20 శాతం మందు లీటరు నీటికి 10 మి.లీ. కలిపి గాయాలను తడపండి, కాండానికి మీటరు ఎత్తు వరకు, పైకి తేలిన వేర్లకు పూయండి. చేతి తొడుగులు తప్పనిసరి. నెల తర్వాత మళ్లీ చూడండి, కొత్త పొట్టు రాలితే లోపల పురుగు మిగిలినట్టే. ఆకుల మీద పిచికారీ చేస్తే లోపలి పురుగుకు మందు అందదు, పూల మీది తేనెటీగలు మాత్రం చస్తాయి.

మిగిలిన మంచి చెట్లకు 5 శాతం వేపనూనె, అంటే లీటరుకు 50 మి.లీ., కొద్దిగా సబ్బుపొడి కలిపి అక్టోబరు, జనవరి, ఏప్రిల్ నెలల్లో మొదళ్లకు పూయండి.

అన్నిటికన్నా ముఖ్యమైనది ఇది. ఆకులన్నీ పసుపుబారిన చెట్టు, కాండం చుట్టూ సగానికి మించి బెరడు పోయిన చెట్టు బతకదు. దాని మీద మందు ఖర్చు పెట్టకండి. వేళ్లతో సహా పెకలించి, తోట దాటించి కాల్చేయండి. వంటచెరకుకని గట్టున పేర్చిన దుంగల్లోంచే పురుగులు బయటికొచ్చి పక్క చెట్టు బెరడు పగుళ్లలో గుడ్లు పెడతాయి. ఎన్ని తోటల్లో చూశానో! మందులకు వేలు పోస్తారు, ఎండిన మోడును మాత్రం ఏడాది పాటు అలాగే నిలబెడతారు. మీరు చీల్చిన ఆ చెట్టు కట్టెలు ఇంకా తోటలోనే ఉంటే ఈ రోజే తగలబెట్టండి.