పాత అక్వేరియం కొంటున్నారా? ఆ మురికి స్పాంజి మాత్రం కడగనివ్వకండి

ప్రశ్న: మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరండి. మావారికి రొయ్యల చెరువుంది. ఏడో తరగతి చదివే మా బాబు ఇంట్లో రంగు చేపలు పెంచుదామని రోజూ ప్రాణం తీస్తున్నాడు, మావారేమో ఊరి చుట్టూ చెరువులే కదా, మళ్ళీ హాల్లో ఇంకో చెరువెందుకే అంటున్నారు. భీమవరంలో తెలిసినవాళ్ళు ఇల్లు మారుతూ వాళ్ళ రెండడుగుల ట్యాంకు, స్టాండు, ఫిల్టరు, అందులో చేపలతో సహా 2,500కి ఇస్తామన్నారు. నా దగ్గర 2,000 ఉన్నాయి. తీసుకోమంటారా?

జవాబు: తీసుకోవచ్చండి, కాకపోతే ముందు అక్వేరియం షాపుకెళ్ళి అదే సైజు ఖాళీ ట్యాంకు కొత్తది ఎంతో అడిగి రండి. ఇందులో చవగ్గా వచ్చేది అద్దం పెట్టె ఒక్కటే, డబ్బులు తినేది స్టాండూ మూతా లైటూ ఫిల్టరూ. కొత్తదాని రేటు తెలిస్తే బేరం ఎక్కడ ఆపాలో మీకే అర్థమైపోద్ది.

ట్యాంకు నీళ్ళతో నడుస్తున్నప్పుడే వెళ్ళి చూడండి. ఖాళీ చేసి కడిగి మెరిపించాక ఏ ట్యాంకైనా కొత్తదానిలాగే ఉంటది, లీకు మాత్రం దాక్కుంటది. నాలుగు మూలలూ కింద అంచూ వేలితో తడిమి చెమ్మ ఉందేమో చూడండి, అద్దాల్ని అతికించే సిలికాన్ జిగురు ఎక్కడైనా గోరుతో లేస్తోందేమో చూడండి. పైన తెల్లగా ఉప్పు గీతలుంటే కంగారు పడకండి, వెనిగర్ గుడ్డతో పోతాయి. మూల దగ్గర అద్దం పెచ్చు ఊడుంటే మాత్రం దండం పెట్టి వచ్చేయండి.

ఇక అసలు సంగతి. వాళ్ళు మంచితనానికి పోయి ఫిల్టరు స్పాంజిని సబ్బుతో కడిగి ఇస్తారు, దయచేసి వద్దని ముందే ఫోన్ చేసి చెప్పండి! చేపల వ్యర్థాల నుంచి వచ్చే విషం అమ్మోనియా, దాన్ని నైట్రైట్‌గా, మళ్ళీ పెద్దగా హాని చెయ్యని నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా ఆ గోధుమరంగు జిగురులోనే ఉంటది. కొత్త ట్యాంకులో అది తయారవ్వడానికి 4 నుంచి 6 వారాలు పడుతుంది, ఈలోపు వేసిన చేపలే ఎక్కువగా చచ్చిపోతాయి. చెరువు రైతు ఇంట్లో అమ్మోనియా గురించి నేను చెప్పడమేంటి గానీ, ఇది కూడా అదే కథండి, నీళ్ళు మాత్రం 70 లీటర్లే. స్పాంజిని ఆ ట్యాంకు నీళ్ళలోనే ముంచి కవర్లో తెచ్చి అదే రోజు ఆన్ చేసెయ్యండి. మీ 2,000లో సగం విలువ దానిదే అంటాను నేను.

తెచ్చేటప్పుడు ట్యాంకులో చుక్క నీరు, ఒక్క రాయి ఉండకూడదు. నేనైతే మొదటిసారి బద్ధకించి అడుగున రెండంగుళాల నీళ్ళూ గులకరాళ్ళూ అలాగే ఉంచి ఆటోలో తెచ్చాను, గోతుల్లో ఊగి ఊగి కింద జాయింటు విడిపోయి ఇంటికొచ్చేసరికి నా ప్యాంటు తడిసింది. మీది 24 అంగుళాల పొడవు, 12 వెడల్పు, 15 ఎత్తు అనుకుంటే నీళ్ళే 70 కిలోలు, అద్దం రాళ్ళు కలిపితే 90 దాకా పోద్ది, కాబట్టి వాళ్ళ స్టాండు వదలకండి, టీవీ బల్ల మీద పెట్టకండి. అడుగున థర్మోకోల్ షీటు వేయండి, రొయ్యల పెట్టె మూతలు మీ ఇంట్లో ఎలాగూ ఉంటాయి కదా, చదునుగా ఉన్నది కోసి వేస్తే చాలు.

కుళాయి నీళ్ళయితే బకెట్లో ఒకరోజు మూత లేకుండా ఉంచితే క్లోరిన్ పోతుంది. చెరువు నీళ్ళు వద్దే వద్దు. మీ బోరు కొంచెం ఉప్పగా ఉంటే మోలీలు, గప్పీలు పెంచండి, వాటికి ఆ ఉప్పు పెద్ద లెక్క కాదు. వాళ్ళ చేపల్లో నల్లగా అద్దానికి అతుక్కునే సక్కర్ ఫిష్ ఉంటే మాత్రం తీసుకోకండి, అడుగు దాటి పెరుగుద్ది, పెరిగాక ఏం చెయ్యాలో తెలీక జనం కాలవలో వదిలేస్తారు, మనోళ్ళ చెరువుల్లో వలలు చింపే దెయ్యం చేప ఇదే. ఈ మాట చెప్తే మీవారు కూడా మీ పార్టీలోకి వస్తారేమో చూడండి.

ప్రశ్న: అటక మీద పాత ట్యాంకు దించితే ఒక మూల చెమ్మగిల్లుతోంది. బయటనుంచి ఎంసీల్ పెడితే ఆగుద్దా? (అమలాపురం నుంచి)

జవాబు: ఆగదండి, లోపలి నీళ్ళు దాన్ని బయటికి తోసేస్తాయి. లోపలవైపు పాత సిలికాన్ మొత్తం బ్లేడుతో గీకేయండి, పాతదాని మీద కొత్తది అతుక్కోదు. కొత్త సిలికాన్ అక్వేరియంకని అడిగే కొనండి, బాత్రూమ్‌కి వాడేదాంట్లో బూజు మందు ఉంటది, చేపలకి విషం. పూసి వారం వదిలేసి, పుల్లటి వాసన పూర్తిగా పోయాక, అరుగు మీద పాత పేపర్లు పరిచి నిండా నీళ్ళు పోసి రెండు రోజులు చూడండి. పేపరు తడవకపోతే లోపలికి తెచ్చుకోవచ్చు.