ఓస్లో ఒప్పందం కుదిరాక కూడా పాలస్తీనా దేశం ఎందుకు ఏర్పడలేదు?

ఇజ్రాయెల్‌కూ, పాలస్తీనా విమోచన సంస్థ (పీఎల్‌ఓ)కూ మధ్య కుదిరిన ఓస్లో తుది ఒప్పందం కాదు, అయిదేళ్ల మధ్యంతర ఏర్పాటు మాత్రమే. అసలు తగువులన్నీ అందులో వాయిదా పడ్డాయి.

1993 సెప్టెంబరు 13న వాషింగ్టన్‌లో సంతకాలైన పత్రం జెరూసలేం, శరణార్థులు, యూదు సెటిల్‌మెంట్లు (ఆక్రమిత నేలపై వెలసిన ఆవాసాలు), సరిహద్దులు, భద్రత అనే అయిదు చిక్కులనూ తర్వాతి చర్చలకు వదిలేసింది. చిన్న అడుగులతో నమ్మకం పెరిగితే పెద్ద ముడులు విప్పుకోవచ్చని ఆశ. నమ్మకం పెరగకపోగా తరిగింది. 1994లో హెబ్రోన్ మసీదులో ఒక సెటిలర్ 29 మందిని కాల్చి చంపాడు. పాలస్తీనా సాయుధ సంస్థ హమాస్ ఆత్మాహుతి దాడులు సాగాయి. 1995 నవంబరులో ఇజ్రాయెల్ ప్రధాని రబిన్‌ను ఒప్పందాన్ని వ్యతిరేకించిన యూదు యువకుడే హత్య చేశాడు. 1999 మేలో అయిదేళ్ల గడువు తీరిపోయింది.

వాయిదా ఎంత చేటు చేసిందో ఇజ్రాయెల్ ఆక్రమణలోని పాలస్తీనా ప్రాంతం వెస్ట్ బ్యాంక్‌ను చూస్తే తెలుస్తుంది. 1995 ఒప్పందం దాన్ని ఎ, బి, సి ప్రాంతాలుగా విడదీసింది. ఇజ్రాయెల్ పూర్తి అదుపులోని 'సి'లో అధిక భాగం దశలవారీగా పాలస్తీనా పాలనకు రావాలి. నేటికీ సుమారు 60 శాతం నేల 'సి'లోనే ఉంది. అక్కడ పాలస్తీనీయులు ఇల్లు కట్టుకోవాలన్నా ఇజ్రాయెల్ సైనిక యంత్రాంగం అనుమతి తప్పనిసరి. తూర్పు జెరూసలేంను మినహాయిస్తే, 1993లో సుమారు 1.1 లక్షలున్న సెటిలర్లు ఇప్పుడు 4.5 లక్షలు దాటారు. ఏ నేలపై బేరమాడాలో ఆ నేలే మారిపోతూ వచ్చింది.

ఓస్లోలో పాలస్తీనా దేశం ఇస్తామని ఇజ్రాయెల్ మాటిచ్చి తప్పిందని చాలామంది అనుకుంటారు. ఆ పత్రంలో 'పాలస్తీనా దేశం' అన్న మాటే లేదు. పీఎల్‌ఓ నాయకుడు అరాఫత్ ఇజ్రాయెల్ ఉనికి హక్కును గుర్తించారు. బదులుగా రబిన్ గుర్తించింది పీఎల్‌ఓను, పాలస్తీనా ప్రజల ప్రతినిధిగా మాత్రమే.